పంపు మార్చనన్నాను

ముందు ఈ సంగతి

ఈ మధ్య కారవాన్ల పని నేర్చుకుంటున్న పిల్లలు నాకు తరచుగా ఫోన్లు చేస్తున్నారు. డిప్లొమా పూర్తిచేసినవాళ్లు, బస్సులకి బాడీలు కట్టే షెడ్లలో కొత్తగా చేరినవాళ్లు. అందరిదీ ఒకటే ప్రశ్న.

"మేడం, వ్యానులో నీళ్లు సన్నగా వస్తున్నాయండి. ఏ పంపు వెయ్యమంటారు?"

నేను చెప్పను. పంపుల పేర్లు తెలియక కాదు. ఆ ప్రశ్నకి జవాబిస్తే ఆ పిల్లలు జీవితాంతం పంపులు మారుస్తూనే ఉంటారు. కొందరు విసుక్కుని ఫోను పెట్టేస్తారు. పెట్టేయనివ్వండి.

నా పేరు మస్తాన్‌బీ. మాది జగ్గయ్యపేట. ఇక్కడే ఒక బాడీ బిల్డింగ్ షెడ్డులో చాలా ఏళ్లు, ఆ తర్వాత కీసర దగ్గర హైవే పక్కన సొంత షెడ్డులో పనిచేశాను. పడక, వంటగట్టు, స్నానాలగది ఉండే వ్యాన్లకి నీళ్ల పని నాది. ట్యాంకు, పంపు, పైపులు, కుళాయిలు అన్నీ నేనే చూసుకునేదాన్ని. పోయినేడు షెడ్డు అప్పగించి ఇంట్లో కూర్చున్నాను. ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఎవరు శాలువా కప్పారు అనేవి ఇక్కడ రాయను. నాకు మొండిదని పేరు ఎలా వచ్చిందో మాత్రం రాస్తాను. ఆ పేరు పోగొట్టుకోవాలని నేనెప్పుడూ అనుకోలేదు.

ప్రచార రథం

పాలిటెక్నిక్ అయ్యాక షెడ్డులో డ్రాయింగులు గీసే పనికి చేరాను. యజమాని కోటేశ్వరరావు గారు. వెల్డింగు నిప్పురవ్వల మధ్య ఆడపిల్లకి ఏం పనని ఊరంతా అంటున్న రోజుల్లో ఉద్యోగం ఇచ్చిన మనిషి. ఆ మేలు మర్చిపోలేదు. అలాగని ఆయన చెప్పిందల్లా ఒప్పుకోనూ లేదు.

నీళ్ల పని నాకు దక్కింది ఎవరికీ అక్కర్లేకే. బండి తయారయ్యాక చూసేవాళ్లు రంగుని మెచ్చుకుంటారు, సీట్లని మెచ్చుకుంటారు. పైపుల్ని మెచ్చుకున్నవాళ్లు లేరు. నీళ్లు రాకపోతే మాత్రం అప్పుడు గుర్తొస్తాం.

ఒకసారి ఎన్నికల ముందు ఒక నాయకుడికి ప్రచార రథం కట్టాం. లోపల చిన్న స్నానాలగది. రథం బయల్దేరిన మర్నాడే ఆయన మేనేజరు నుంచి ఫోను. "సార్ ఒంటి నిండా సబ్బుంది. నీళ్లు కారట్లా, చుక్కలు పడుతున్నాయి. బయట జనం జేజేలు కొడుతున్నారు. ఏం చెయ్యమంటారు?"

రథం వెనక్కి వచ్చింది. కోటేశ్వరరావు గారు ఒక్క క్షణం ఆలోచించకుండా పెద్ద పంపు వెయ్యమన్నారు. వేశాం. నీళ్లు ఇంకా తగ్గాయి. నాకు మతిపోయింది. పంపు పెద్దదైతే నీళ్లు తగ్గడమేమిటి?

అప్పుడు మా ఎలక్ట్రీషియన్ ఏసుబాబు మీటరు తీసుకుని వచ్చాడు. నేను బ్యాటరీ దగ్గర కొలిచి, కరెంటు నిండుగా ఉందన్నాను.

"బ్యాటరీ దగ్గర కాదమ్మా, పంపు దగ్గర పెట్టు. ఊరికే పెడితే కుదర్దు. కుళాయి తిప్పి, పంపు తిరుగుతుండగా చూడు."

చూశాను. మీటరు ముల్లు పడిపోయింది. బ్యాటరీ బండి ముందు ఉంది, పంపు వెనక చివర ఉంది. మధ్యలో లైట్లకి వాడే సన్నటి వైరు లాగారు. దారిలోనే కరెంటు నీరసించిపోతోంది. పంపు ఎంత పెద్దదైతే అంత ఎక్కువ కరెంటు లాగుతుంది, అంత ఎక్కువ నీరసిస్తుంది. లావు వైరు వేసి, మొదటి పంపే తిరిగి బిగించాం. షవర్ వానలా పడింది.

కోటేశ్వరరావు గారు నన్ను పక్కకి పిలిచారు. "పాత పంపే వేశామని వాళ్లకి చెప్పకు. పరువు పోద్ది."

మేనేజరు వచ్చి కొత్త పంపు ఎలా పనిచేస్తోందని అడిగాడు. పంపు పాతదే, వైరు కొత్తదని చెప్పాను. ఆయన నవ్వి బండి ఎక్కాడు. మా యజమాని మాత్రం వారం దాకా నాతో మాట్లాడలేదు. ఏసుబాబు దగ్గర నేర్చుకున్న ఆ ఒక్క పద్ధతినే ఆ తర్వాత పనంతటికీ వాడాను. ఏదైనా పనిచేస్తుండగా కొలవాలి, పనిచేసే చోటే కొలవాలి.

సున్నం

మా వైపు నేలంతా సున్నపురాయి. సిమెంటు ఫ్యాక్టరీలన్నీ అందుకేగా ఇక్కడ ఉన్నాయి. బోరు నీళ్లు నింపుకున్న బండికి కొన్నాళ్లలోనే షవర్ కన్నాలు తెల్లగా పూడుకుపోతాయి. పంపు ముందుండే జాలీ మీద పొర కడుతుంది. జనం పంపుని తిడతారు.

అందుకే పిల్లలకి చెబుతున్నాను. నీళ్లు సరిగ్గా రాకపోతే ముందు షవర్ విప్పి చూడండి. తర్వాత జాలీ. తర్వాత ట్యాంకు నుంచి పంపుకి వచ్చే పైపు ఎక్కడైనా నలిగిందేమో, సన్నగా ఉందేమో, ఎక్కడైనా గాలి పీలుస్తోందేమో చూడండి. ట్యాంకులోంచి నీళ్లు బయటికి పోవాలంటే లోపలికి గాలి రావాలి. ఆ గాలి కన్నం మూసుకుపోయిందేమో చూడండి. తర్వాత వైరు. ఇవన్నీ అయ్యాకే పంపు మీద చెయ్యి వెయ్యండి. ఇంత ఓపిక లేకపోతే వేరే ఉద్యోగం చూసుకోండి. కటువుగా ఉందంటారా? ఉండనివ్వండి. ఓపిక లేనివాళ్లు కట్టిన బండిలో ఏమవుతుందో ఇప్పుడు చెబుతాను.

సౌజన్య

నందిగామలో ఎరువుల కొట్టున్న శివరామయ్య గారు ఒకరోజు కూతుర్ని తీసుకుని షెడ్డుకి వచ్చారు. అమ్మాయి పేరు సౌజన్య. చక్రాల కుర్చీలో ఉంది. రోడ్డు ప్రమాదంలో వెన్నుకి దెబ్బ తగిలి నడుము కింద స్పర్శ పోయింది. పాత శాసనాల మీద పరిశోధన చేస్తోంది. పల్లెల్లో, పొలాల్లో, గుళ్ల వెనక పడి ఉన్న రాళ్ల మీద రాతలు చదవాలి.

"ఊళ్లకి వెళ్లడం కష్టం కాదండీ," అంది నాతో. "ఎవరో ఒకరు ఎత్తి కారెక్కిస్తారు. బాత్రూమే కష్టం. ఏ లాడ్జిలో చూసినా తలుపు నా కుర్చీ కంటే సన్నం. మధ్యాహ్నం ఇంటికి వచ్చేదాకా బాత్రూము అవసరం పడకూడదని పొద్దున్నించీ మంచినీళ్లు తాగను. ఇలా ఎన్ని రాళ్లు చదువుతానూ?"

అందుకు వ్యాను కావాలి. కుర్చీతో సహా పైకెత్తే మెట్టు, వెడల్పాటి తలుపున్న స్నానాలగది, కూర్చుని స్నానం చేసే బల్ల, చేత్తో పట్టుకునే షవర్. తోడుగా వాళ్ల పిన్ని వెళుతుంది. బండి కూడా ఆవిడే నడుపుతుంది. ప్రమాదం తర్వాత సౌజన్యకి వాళ్లమ్మే స్నానం చేయిస్తోంది.

"మా అమ్మని ఏమీ అనట్లేదు," అంది ఆ పిల్ల గొంతు తగ్గించి. "తలుపేసుకుని నా స్నానం నేను చెయ్యాలండి. అంతే."

నేను గీసిన డ్రాయింగులో వేడినీళ్లు నిలవ ఉండే చిన్న గీజరు ఉంది. పైపులు లావుగా, వంపులు తక్కువగా ఉన్నాయి. కోటేశ్వరరావు గారు చోటు కలిసొస్తుందని దాన్ని మార్పించారు. బయటి అరలో గ్యాసు గీజరు పెట్టించారు. కుళాయి తిప్పగానే మంట వెలిగి, పారుతున్న నీళ్లని అప్పటికప్పుడు వేడిచేసే రకం. వడ్రంగి మంచం కింద అరలు కట్టడంతో పైపులు సన్నవైపోయి, వంపు తిప్పే ఎల్బోలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నేను వద్దన్నాను. ఆయన వినలేదు.

ముహూర్తం

బండి అప్పగించే రోజు వచ్చింది. శివరామయ్య గారు పంచాంగం చూపించి ముహూర్తం పెట్టించారు. దండలు, కొబ్బరికాయలు, నిమ్మకాయలు సిద్ధంగా ఉన్నాయి. నేను చివరిసారి నీళ్లు చూద్దామని లోపలికి వెళ్లాను.

షవర్ తిప్పితే పంపు టకటకమని ఆగుతూ తిరుగుతోంది. నీళ్లు ఒక క్షణం జోరుగా, ఒక క్షణం నీరసంగా వస్తున్నాయి. శివరామయ్య గారు తలుపు దగ్గర నిలబడి ఇదేంటని అడిగారు. కోటేశ్వరరావు గారు స్క్రూడ్రైవరు తెప్పించి, పైపులో ఒత్తిడి ఎంతకి చేరితే పంపు ఆగాలో నిర్ణయించే ప్రెషర్ స్క్రూని స్వయంగా బిగించారు. నీళ్లు ఒక్కసారి ఎగజిమ్మాయి.

"చూశారా? అంతే సంగతి. ఇంకా కావాలంటే వచ్చే వారం పెద్ద పంపు వేయిస్తా."

శివరామయ్య గారి మొహం వికసించింది. నేను గీజరు వెలిగించి, షవర్ నా ముంజేతి మీదకి తిప్పుకున్నాను. గోరువెచ్చగా వచ్చాయి. ఆయనతో పాటు నేనూ ఊపిరి పీల్చుకునేలోపు పంపు ఆగింది. పారే నీళ్లు తగ్గాయి. మంట మాత్రం తగ్గలేదు. ఆ కాసిని నీళ్లు సలసలా కాగి చేతి మీద పడ్డాయి. కేక పెట్టి చెయ్యి లాక్కున్నాను. మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రగా కందిపోయింది.

నాకు నొప్పి తెలిసింది కాబట్టి చెయ్యి లాక్కున్నాను.

బయటికి వచ్చి చెప్పాను. "సార్, ఈ బండి ఇవ్వకూడదండి. పంపు ఆగినప్పుడల్లా నీళ్లు కాగి వస్తున్నాయి."

"అలవాటైపోద్దిలే. కాస్త చూసుకుని పోసుకుంటారు."

"ఆ అమ్మాయికి కాళ్ల మీద స్పర్శ లేదండి."

"ముహూర్తం పెట్టుకుని ఈ గోలేంటి మస్తాన్‌బీ? పంపు మారుద్దామన్నాగా?"

"మార్చనండి. తప్పు పంపుది కాదు. పెద్దది వేస్తే ఈ సన్న పైపుల్లో ఒత్తిడి వెంటనే పెరిగి ఇంకా ఎక్కువసార్లు ఆగుద్ది."

మాట పెరిగింది. షెడ్డులో పనులు ఆగిపోయాయి. శివరామయ్య గారికి కూడా నా మీదే కోపం వచ్చింది. "వేళ దాటిపోతోందమ్మా! మంచి పని మొదలుపెడుతుంటే కాల్తది, కాల్తది అంటావేంటి?"

బండి వెనక్కి వెళ్లి, సిలిండరు వాల్వు కట్టేసి, గీజరుకి వెళ్లే గ్యాసు పైపు విప్పి భుజాన వేసుకున్నాను.

"ఆ పైపు అక్కడ పెట్టు," అన్నారు కోటేశ్వరరావు గారు.

"పెట్టనండి."

"రేపట్నించి నువ్వు పనికి రావక్కర్లా."

"అలాగేనండి. పైపు మాత్రం పెట్టను."

దండల పక్కన కుర్చీలో ఉన్న సౌజన్య తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, ఆ రోజు లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని రాసుకుంటుంటే తొడ మీద బొబ్బలు లేచాయి. అమ్మ చూసేదాకా నాకు తెలీలేదు. నీకు గుర్తుందా?"

శివరామయ్య గారు తల తిప్పుకున్నారు. ఆయనకి గుర్తుంది. చివరికి గీజరు లేకుండానే కొబ్బరికాయ కొట్టి బండి తీసుకెళ్లారు. వెళ్లేముందు నా వైపు చూడలేదు. సౌజన్య మాత్రం నా ఫోను నంబరు అడిగి తీసుకుంది.

ఆ మధ్యాహ్నమే ఇంటికి వచ్చేసరికి మా ఆయన జానీ ఆటో కడుగుతున్నాడు. "ఏంటి, ఇంత పెందలాడే వచ్చావు?"

"ఉద్యోగం పోయింది."

"తప్పు చేశావా?"

"లేదు."

"అయితే అన్నం తిను," అని మళ్లీ ఆటో కడుక్కోవడం మొదలుపెట్టాడు. ఆ రోజు నాకు కావలసినది ఆ ఒక్క మాటే. ఏడుపు రాలేదు. చెయ్యి మంట మాత్రం చాలాసేపు ఉంది.

నందిగామ గోడౌను

రెండో రోజు సౌజన్య ఫోను చేసింది. "మేడం, వ్యాను మా గోడౌను వెనక ఉంది. వస్తారా?"

"మీ నాన్నగారు ఏమంటారో?"

"ఆయన మీ మీద ఇంకా కోపంగానే ఉన్నారు. మీరు రండి."

వెళ్లాను. శివరామయ్య గారు ఎరువుల బస్తాల మీద చేతులు కట్టుకుని కూర్చుని, నేను చేసే ప్రతి పనినీ అనుమానంగా చూశారు. నేనూ ఆయన్ని మంచి చేసుకునే ప్రయత్నం చేయలేదు.

మంచం కింద అరలు ఊడదీశాను. ట్యాంకు నుంచి పంపుకి వచ్చే సన్న పైపు, దాని ఎల్బోలు అన్నీ తీసేసి లావు పైపు తిన్నగా వేశాను. ట్యాంకు గాలి కన్నం మీద వడ్రంగి ప్లైవుడ్ ముక్క బిగించేశాడు. దాన్ని పీకితే ట్యాంకు బుస్సుమని గాలి పీల్చింది.

"ఇంత చిన్న కన్నం కోసమా అమ్మా ఇంత గొడవ?" అన్నారు శివరామయ్య గారు. రెండు రోజుల్లో నాతో ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

"అది ఒకటే కాదండి. చూస్తా ఉండండి."

వైరు మార్చాను. యజమాని బిగించిన స్క్రూని వెనక్కి తిప్పాను. పంపు తర్వాత ఒక చిన్న ప్రెషర్ ట్యాంకు పెట్టాను. బంతిలా ఉంటుంది, లోపల రబ్బరు పొర, దానికి ఒకవైపు గాలి, ఇంకోవైపు నీళ్లు. పంపు ఆగినా ఆ గాలి నీళ్లని నెడుతూ ఉంటుంది కాబట్టి ధార తెగదు. గ్యాసు గీజరు తీసేసి, డ్రాయింగులో ఉన్నట్టే నిలవ గీజరు బిగించాను. అన్నిటికన్నా ముఖ్యం, వేడినీళ్లు చన్నీళ్లు కలిసే చోట వేడిని పట్టి ఉంచే వాల్వు పెట్టాను. అది ఒక హద్దు దాటి వేడిని బయటికి రానివ్వదు. చన్నీళ్లు ఆగిపోతే వేడినీళ్లని కూడా కట్టేస్తుంది.

పంపు అదే. దాన్ని ముట్టుకోలేదు.

అంతా అయ్యాక సౌజన్యని పిలవబోతుంటే శివరామయ్య గారు అడ్డం వచ్చారు. "ఆగమ్మా. ముందు నేను పోసుకుంటా."

తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్లారు. సౌజన్య పిన్నిని వంటగట్టు దగ్గర నిలబెట్టి, అక్కడి కుళాయి తిప్పమని, కట్టమని, మళ్లీ తిప్పమని లోపలినుంచే కేకలు. ఆవిడ తిప్పుతూ కడుతూ చేతులు నొప్పులంటూ నవ్వుతోంది. చాలాసేపటికి తలుపు తెరిచి, నీళ్లోడుతూ బయటికి వచ్చారు ఆయన.

"ఎన్నిసార్లు తిప్పినా వేడి మారలా," అన్నారు. తువ్వాలుతో మొహం గట్టిగా తుడుచుకుని కొట్లోకి వెళ్లిపోయారు.

ట్యాంకు మళ్లీ నింపాం. సౌజన్య లోపలికి వెళ్లి తలుపేసుకుంది. గడియ పడిన చప్పుడు వినిపించింది. తర్వాత నీళ్ల చప్పుడు. ఆగకుండా, తెగకుండా ఒకే ధార. మేం బస్తాల మీద కూర్చున్నాం. వాళ్లమ్మ చేతిలో లంగా జాకెట్టు పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపైనా ఆ పిల్ల రాదు. శివరామయ్య గారు మళ్లీ వచ్చి తలుపు తట్టబోయారు.

"తట్టకండి," అన్నాను.

ఆయన చెయ్యి దించారు. లోపల నీళ్లు పడుతూనే ఉన్నాయి. వాళ్లమ్మ బట్టలు బల్ల మీద పెట్టి, కొంగు నోటికడ్డం పెట్టుకుని, పక్కకి వెళ్లి కూర్చుంది.

మొండితనం గురించి

ఆ తర్వాత కోటేశ్వరరావు గారు నన్ను మళ్లీ పిలవలేదు. నేనూ వెళ్లలేదు. గరికపాడు దగ్గర ధాబాలో ఒకసారి ఎదురుపడితే, "ఒక్క బండి కోసం ఇంత చేశావు," అన్నారు. "మీరూ ఒక్క బండి కోసమే నన్ను తీసేశారుగా సార్," అన్నాను. ఆయన టీ తాగి వెళ్లిపోయారు. నాకు దాని మీద పశ్చాత్తాపం ఇప్పటికీ లేదు.

కీసరలో షెడ్డు పెట్టాక మొదట్లో చాలా ఖాళీగా కూర్చున్నాను. అదేమీ అందంగా చెప్పుకునే కాలం కాదు. జానీ ఆటో మీదే ఇల్లు నడిచింది. తర్వాత పనులు వచ్చాయి. ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలు నన్ను చూసి ధైర్యం తెచ్చుకోవాలని నేననను. ఉద్యోగం పోతే భయమేస్తుంది, నాకూ వేసింది. కానీ స్నానం చేసేవాళ్లకి మనం కనబడం. తలుపు వేసుకున్నాక వాళ్లు మన పనిని నమ్మి ఒంటి మీద నీళ్లు పోసుకుంటారు. ఆ నమ్మకం విషయంలో యజమాని మాట వినక్కర్లేదు. కొన్నవాళ్ల మాట కూడా వినక్కర్లేదు.

సౌజన్య వ్యాను బయల్దేరి వెళ్లింది. మొదట దగ్గరూళ్లు, తర్వాత దూరం. పొద్దున్నే మంచినీళ్లు తాగుతోందని వాళ్ల పిన్ని ఫోనులో చెప్పింది. ఒక సాయంత్రం శివరామయ్య గారి ఫోను వచ్చింది. గొంతులో పాత కోపం.

"మస్తాన్‌బీ గారూ, మా అమ్మాయి నిన్ననే ఇంటికి రావాలి. ఎక్కడో ఏదో పొలంలో ఇంకో రాయి కనబడిందంట, రానంటోంది. ఎప్పుడొస్తావే అంటే తెలీదు నాన్నా అంటోంది. అన్నీ వ్యానులోనే ఉన్నాయి, ఇంటికెందుకూ అంటోంది. అంతా మీ వల్లేనండీ!"

"అవునండి," అన్నాను. "నా వల్లే."